శ్రద్ధకూ ఒక వేళ

తెల్లవారుజామున భాగవతం చదివి పద్యానికి అర్థం విడమరచే అవ్వ సాయంత్రం అదే పద్యం దగ్గర తడబడితే ‘వయసు మీద పడింది’ అంటాం. బ్రాహ్మీముహూర్తంలో పుస్తకం ముందు తూగే మనవణ్ణి చూసి ‘శ్రద్ధ లేదు’ అంటాం. ఒకరి విషయంలో వయసును, ఇంకొకరి విషయంలో గుణాన్ని తప్పుబట్టాం గానీ, అప్పుడు వేళ ఎంతయిందో ఎవరం చూడలేదు. శ్రద్ధ పూర్తిగా మనిషి గుణమే అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటిది.

1993లో సింథియా మే, లిన్ హాషర్, ఎలెన్ స్టోల్జ్‌ఫస్ ప్రచురించిన పరిశోధనలో పెద్దల్లో అత్యధికులు పొద్దుటిపూట చురుగ్గా ఉండేవారని, యువకుల్లో చాలామంది అలా కాదని తేలింది. సాయంత్రం పెట్టిన జ్ఞాపక పరీక్షలో పెద్దలు బాగా వెనకబడ్డారు. పొద్దున పెడితే ఇద్దరి మధ్యా తేడాయే లేదు. టొరంటోలో హాషర్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో బొమ్మల మీద అక్కరలేని పదాలు అచ్చువేసి చూపించారు. పొద్దున 8.30కీ 10.30కీ మధ్య వచ్చిన పెద్దలు ఆ పదాలను మధ్యాహ్నం వచ్చినవారికంటే బాగా పక్కన పెట్టగలిగారు. నోటికి వచ్చిన శ్లోకం ఏ వేళకైనా పలుకుతుంది. వేళను బట్టి తగ్గేది అడ్డొచ్చినదాన్ని తోసిపుచ్చే శక్తి.

అయితే సాధనకు విలువేముంది, అంతా దేహధర్మమేనా అని అడగవచ్చు. మనసు చంచలమని అర్జునుడు మొరపెట్టుకుంటే కృష్ణుడు అభ్యాసాన్ని, వైరాగ్యాన్ని చూపించాడు కదా! నిజమే. కానీ గీతలోని ఆ ఆరో అధ్యాయమే అతిగా నిద్రపోయేవాడికీ, బొత్తిగా నిద్రపోనివాడికీ యోగం కుదరదని కూడా చెబుతుంది. దేహాన్ని కాదనడం అభ్యాసం కాదు, దాన్ని ఎరిగి నడుచుకోవడమే అభ్యాసం. పై పరిశోధనలు చెప్పేవన్నీ సగటు లెక్కలేననీ, రాత్రిళ్లు చురుగ్గా ఉండే పెద్దలూ ఉంటారనీ అనవచ్చు. అందుకే ఒకరి వేళను అందరి మీదా రుద్దకూడదు.

వేళ మీద నెపం వేసి బాధ్యత దులిపేసుకోమని దీని అర్థం కాదు. తనకు ఏ వేళ అనువో తెలిసినవాడు ముఖ్యమైన పనిని ఆ వేళకే ఉంచుకోవాలి. అది అతని బాధ్యత. ఇతరుల మీద తీర్పు చెప్పడమూ అలాంటి ముఖ్యమైన పనే. గేలెన్ బోడెన్‌హౌసెన్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, విద్యార్థులు తమకు అనువుగాని వేళల్లో తప్పొప్పులు నిర్ణయించాల్సి వస్తే, ఎదుటివారి వర్గాన్ని బట్టి ముందే ఉన్న అభిప్రాయాల మీద ఎక్కువగా ఆధారపడ్డారు. అంటే వేళ తప్పితే చదివేవాడి ధ్యాసే కాదు, తీర్పు చెప్పేవాడి న్యాయబుద్ధి కూడా సడలుతుంది. కునికే మనవణ్ణి శ్రద్ధ లేనివాడని తేల్చే ముందు, ఆ తీర్పు చెబుతున్న మన మనసు ఆ వేళ ఎంత మెలకువగా ఉందో చూసుకోవడమే మొదటి ధర్మం.