దుకాణం మీదికి పోయే ముందు

మేనల్లుడికి,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. షార్జాలో గేమింగ్ కంప్యూటర్ కొన్నావు, సంతోషం. పాట పెడితే రేకు డబ్బాలోంచి వచ్చినట్టుందనీ, అమ్మినవాడు నకిలీ సరుకు అంటగట్టాడనీ, పోయి నాలుగు కడిగేస్తాననీ అన్నావు. పోదువుగానీ, ముందు ఇది చదువు.

జగిత్యాలలో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసి బతికినవాణ్ని. సౌండు బాగాలేదని తెచ్చిన సెట్లలో చాలావాటికి లోపల ఏమీ పోయి ఉండేది కాదు. వైరో, పిన్నో, జాయింటో. నీ కేసూ అలాగే ఉంది.

వాయిద్యాలు వినిపిస్తూ గొంతు మాత్రం మాయమవుతోందన్నావు చూడు, నాకు అనుమానం అక్కడే వచ్చింది. రికార్డింగులో గొంతును మామూలుగా కుడి ఎడమలకు సమానంగా పెడతారు. హెడ్‌సెట్ పిన్ను పూర్తిగా దిగక రెండింటికీ ఉమ్మడి అయిన గ్రౌండు అందకపోతే, నీ చెవికి చేరేది ఆ రెండు వైపుల మధ్య తేడా మాత్రమే. సమానంగా ఉన్నది ఆ తేడాలో కొట్టుకుపోతుంది. టక్కుమనేదాకా నొక్కు. తర్వాత ముందువైపు సాకెట్ వదిలేసి వెనకాల ఆకుపచ్చ దాంట్లో పెట్టి చూడు. ముందు సాకెట్ వైరు కేబినెట్ లోపల మిగతా వైర్లనూ బోర్డునూ ఒరుసుకుంటూ పోతుంది. మౌస్ కదిపినప్పుడల్లా వచ్చే చిర్రు అక్కడ అంటుకున్నదే కావచ్చు.

బ్లూటూత్ హెడ్‌సెట్ అయితే కథ వేరు. ఆటలో మైకు తెరవగానే చాలా హెడ్‌సెట్లు స్టీరియో వదిలి ఫోన్ కాల్ పద్ధతిలోకి దిగిపోతాయి. సీడీకి సెకనుకు 44,100 శాంపిళ్లుంటే, అక్కడ 8 వేలో 16 వేలో, అదీ మోనో. ఇందులో అమ్మినవాడి మోసమేమీ లేదు. మైకు విడిగా పెట్టుకో. విండోస్ సౌండు మానిటర్ స్పీకర్లకు పంపుతోందేమో సెట్టింగ్స్‌లో చూడు, ఎన్‌హాన్స్‌మెంట్లు ఆపు, డ్రైవర్ మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచే తీసుకో. ఒకసారికి ఒక్కటే మార్చు. అన్నీ కలిపి మారిస్తే బాగయ్యాక కూడా తప్పెక్కడుందో తెలీదు.

గుర్రుమనే మోత ఉంటే ఇంటి నుంచి తీసుకుపోయిన స్పీకర్ల అడాప్టర్ చూడు. మన గుండ్రటి పిన్నులకూ అక్కడి చదరపు సాకెట్లకూ మధ్య చౌక అడాప్టర్లలో ఎర్త్ సరిగా తగలదు. ఎర్త్ పిన్ను తీసేస్తే మోత పోతుందని రూములో ఎవడైనా సలహా ఇస్తే వినకు. కరెంటుతో పరాచికాలొద్దు.

ఇక ఆ అమ్మినాయన సంగతి. కౌంటర్లో నిలబడేవాడు యజమాని కాకపోవచ్చు. నీలాగే వీసా మీద వచ్చి, నెలాఖరుకు ఇంటికి డబ్బు పంపేవాడు. నలుగురిలో నువ్వు దొంగ అంటే, రేపు ఓనరు ముందు సమాధానం చెప్పుకోవాల్సింది అతను. పైగా షార్జాలోని రోలాలో మాట ఊరికే ఆగదు. 1978లో పడిపోయిన మర్రి పేరు మీద నిలిచిన ఆ పార్కులో సెలవు రోజు సాయంత్రం ఒక్కడితో అన్నా, చీకటిపడేలోపు దుబాయ్ లేబర్ క్యాంపులకు చేరుతుంది. తర్వాత పిన్ను సరిగా పెట్టుకుని "బాగానే ఉంది" అంటే వినేవాడెవడు?

మెత్తగా ఉండమని కాదు. ఇంకో మంచి హెడ్‌సెట్ తెచ్చి పెట్టినా అలాగే ఉంటే తప్పు మిషన్‌దే. బిల్లు తీసుకెళ్లు, వారంటీ అడుగు, అతని ముందే పాట పెట్టి వినిపించు. ఊరికే తిప్పుతుంటే షార్జా ఎకనామిక్ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ ఉంది. వినియోగదారుల రక్షణకు అక్కడ 2020లో ఫెడరల్ చట్టమే చేశారు. అప్పుడు మొహమాటపడితే నేనే తిడతాను.

బాగయ్యాక స్పీకర్లు మోగించకు. బెడ్ స్పేస్‌లో పక్కవాడు నైట్ డ్యూటీ చేసి పడుకుని ఉంటాడు. హెడ్‌సెట్‌లో కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలే. పెంచేకొద్దీ ఆ గంటలు గబగబా తరుగుతాయి.

శుక్రవారం వీడియో కాల్ చెయ్యి. కెమెరా వెనకవైపు సాకెట్ల మీద పెట్టు, నీ ఆట నాకక్కర్లేదు. అన్నట్టు, కంప్యూటర్ ధర మీ అమ్మకు ఇంకా చెప్పలేదట. నన్ను చెప్పమనకు.

మీ మామయ్య