లాజరునొద్దకు వచ్చిన కుక్కలు

ధ్యాన భాగము: లూకా 16:19–31



ధనవంతుని వాకిట పడియున్న లాజరును మనమెరుగుదుము. అతని పుండ్లకు కట్టు కట్టినవారిని గూర్చి వాక్యము చెప్పలేదు. వాటిని నాకిన కుక్కలను గూర్చి చెప్పినది. మనము తిట్టుగా వాడు పేరు అక్కడ మనుష్యులకు సాక్ష్యముగా నిలిచినది.

నల్లగొండ, సూర్యాపేట వైపునుండి పట్నమునకు పోవు మనవారు ఎల్.బి. నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో బస్సు దిగుదురు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలమున ఆ దిల్‌సుఖ్‌నగర్‌లో, సైకిళ్లపై పెట్టిన రెండు బాంబులు ప్రేలినవి. అనేకులు మరణించిరి, నూరుమందికి పైగా గాయపడిరి. జనులు భయముతో పరుగెత్తిన ఆ చోటికి పోలీసు కుక్కలు తమ శిక్షకుల వెంట వచ్చి వాసన చూచుచు వెదకినవి.

ప్రేలుడు మందు వాసన తగిలినచో అట్టి కుక్క గోళ్లతో గీరదు, కదలక కూర్చుండును. శిక్షకుడు ఆ గుర్తు నెరిగి జనులను దూరముగా పంపును. ఎవరి బిడ్డను కాపాడెనో దానికి తెలియదు. దానికి తెలిసినది శిక్షకుని స్వరము, పని ముగిసిన పిమ్మట దొరకు బంతి ఆట. ఆ దారిని నడచిపోవు మనకును దాని సంగతి తెలియదు.

గుంపును కాపాడు కుక్కలే గాక, ఒక్క మనుష్యునే నడిపించు కుక్కలును కలవు. యుద్ధములో చూపు పోయిన సైనికుల కొరకు 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గులో డాక్టరు గెర్హార్డ్ స్టాలింగ్ అట్టి కుక్కలకు బడి తెరచెను. యజమానుడు నడువుమనినను, ఎదుట గొయ్యి యున్నచో ఆ కుక్క అడుగు వేయదు. ఆ మాట వినకపోవుటయే దాని నమ్మకత్వము. అట్టి కుక్క ఎదురైనచో నిమరకుడి, తిండి చూపకుడి. దాని ధ్యాస చెదరినచో మనిషి పడును.

మన దేశములో అట్టి కుక్కలు బహు అరుదు. అయితే చూపులేనివారు మన గ్రామములలో లేరా? ఆరాధన గంట విని, తోడు లేక ఇంటనే కూర్చుండు ముసలివారు లేరా? బేత్సయిదాలో యేసుప్రభువు గ్రుడ్డివాని చేయి తానే పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించెను (మార్కు 8:23). చూపు నిచ్చుటకు ముందు తోడు నిచ్చెను. చూపు నిచ్చుట మనవలన కాదు. తోడు నిచ్చుట మనవలన అగును.

కుక్కను మెచ్చుకొని ఇంటికి పోవుట సులభము. ధనవంతుడు లాజరును కొట్టెనని గాని తరిమెనని గాని వ్రాయబడలేదు. వాకిటనున్నవానిని లక్ష్యపెట్టలేదు, అంతే. కాబట్టి వచ్చు ఆదివారము గుడికి వచ్చునప్పుడు ఒక తలుపు తట్టుడి. వారిని లాగకుడి, వెనుకనుండి త్రోయకుడి. మీ మోచేయి అందించుడి, వారే పట్టుకొందురు. మెట్టు వచ్చినప్పుడు ముందుగా చెప్పుడి.

ప్రభువా, మాకు తెలియకుండ మమ్మును కాచుచున్న ప్రతి ప్రాణి కొరకు నీకు స్తోత్రము. మా వాకిటనున్నవారిని చూచు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.