తిరిగి దక్కే త్యాగానికి విలువ ఎంత?

పోగొట్టుకున్నది మళ్లీ చేతికి వస్తే, దాన్ని వదులుకోవడాన్ని త్యాగం అనవచ్చునా అన్న ప్రశ్న మన మతచింతనకు కొత్తది కాదు. శిబి చక్రవర్తి కోసి ఇచ్చిన మాంసం తిరిగి అతని దేహాన్నే చేరింది, హరిశ్చంద్రుని కొడుకు కాటిలో లేచి కూర్చున్నాడు, చిరుతొండనంబి శివయోగికి వండి వడ్డించిన బిడ్డ పిలవగానే పరుగెత్తుకొచ్చాడు. ఈ కథలు విన్న ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు, చివరికి అన్నీ దక్కాయి కదా, ఇక వాళ్లు పోగొట్టుకున్నదేమిటని అడుగుతూనే ఉన్నారు. ఆడేవాడు చచ్చిన ప్రతిసారీ మళ్లీ లేచే వీడియో గేమ్ అనే కళలో ఆ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. జపాన్‌లోని క్యోటో కేంద్రంగా ఉన్న నింటెండో సంస్థ 1986లో మొదలుపెట్టిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ వరుసలో 2023 మే 12న విడుదలైన ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ ఆ ప్రశ్నను తప్పించుకోకుండా ఎదుర్కొన్న గేమ్. దాన్ని తూచడానికి రామగుండం, గోదావరిఖని బొగ్గు ప్రాంతం కంటే తగిన చోటు తెలుగు నేల మీద దొరకదు. ఆ గేములోని లోకంలో పెద్ద భాగం నేల కింది చీకటి, ఈ ఊళ్లలో ఆ చీకటిలోకి దిగడం మూడు షిఫ్టుల్లో సాగే పని.

అయితే దైవాన్నీ ధర్మాన్నీ ఆటవస్తువు చేయవచ్చునా అన్న అభ్యంతరాన్ని ముందుగా విచారించాలి. హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషన్ 2 మీద విడుదలైనప్పుడు, అమెరికాలోని హిందూ మత ప్రతినిధి రాజన్ జెడ్, భక్తులు కొలిచే దేవుణ్ని ఆటగాడి చేతిలోని మీటలకు లోబరచడం తగదని నిరసించారు. ఆ నిరసనలోని అసలు బాధ కర్తృత్వానికి, అంటే పనిని చేసేది ఎవరనే విషయానికి, సంబంధించినది: భక్తుణ్ని నడిపించవలసినవాణ్ని భక్తుడే నడిపిస్తే తలకిందులైనట్టే కదా అన్నది దాని సారం. దీనికి తోలుబొమ్మలాటే తగిన సమాధానం. హనుమంతుడి బొమ్మ శతాబ్దాలుగా ఆటగాడి చేతి పుల్లలకే కదిలింది, తెర ముందు కూర్చున్న జనం ఆ బొమ్మకే దండం పెట్టారు, అందులో అపచారం ఎవరికీ కనిపించలేదు. బాదరాయణుడు బ్రహ్మసూత్రాల్లో సృష్టినే లీలగా, అంటే ఏ కొరతా తీర్చుకోవడానికి కాకుండా సాగే క్రీడగా, చెప్పిన సంప్రదాయం మనది కనుక ఆట అనేదే దోషం కాజాలదు. ఆట ఆడేవాడి మనసును ఏం చేస్తున్నదన్నదే విచారించవలసిన సంగతి.

జెల్డా కథల్లో చాలావాటిలో హైరూల్ అనే రాజ్యం, లింక్ అనే యువకుడు, జెల్డా అనే రాజకుమారి, గానన్ అనే దుష్టశక్తి మళ్లీ మళ్లీ కనిపిస్తారు, కానీ సాధారణంగా ఒక కాలపు లింక్ వేరు, మరో కాలపు లింక్ వేరు. 2011 నాటి ‘స్కైవర్డ్ స్వోర్డ్’ దీనికి మూలం చెబుతుంది: డిమైస్ అనే తొలి శత్రువు ఓడిపోతూ, తన ద్వేషం పుట్టి పుట్టి ఈ వంశాన్ని వెంటాడుతుందని శపిస్తాడు. జయవిజయుల కథ తెలిసిన పాఠకుడికి ఇది పరిచితమైన దారే, కాకపోతే జయవిజయుల శాపానికి మూడు జన్మల హద్దు ఉంది, ఆ హద్దు దాటితే వైకుంఠ ద్వారం ఉంది. హైరూల్ శాపానికి హద్దు లేదు. అది మోక్షం అనే మాట ఎరగని సంసారం. అందుకే అక్కడి వీరుడి పని విముక్తి కంటే వారసత్వానికి దగ్గరగా ఉంటుంది. ఈ ప్రాంతంలో బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీ కార్మికుల కుటుంబాలకు వారసత్వ ఉద్యోగం అనే మాట ఇంటిమాట: తండ్రి అనారోగ్యంతో పనికి అనర్హుడైతే కొడుకు ఆ కొలువులోకి వెళ్లడం, తండ్రి దిగిన బాయిలోకే, అంటే గనిలోకే, తానూ దిగడం. లింక్ కూడా తాను కోరుకోని బాధ్యతను అలాగే అందుకుంటాడు. తేడా ఏమిటంటే, తండ్రి బట్టలకు అంటిన బొగ్గుమసి చూస్తూ పెరిగినవాడికి తాను దేన్ని అందుకుంటున్నాడో తెలుసు, లింక్‌కు తెలియదు. ఈ తెలియకపోవడం వరుస మొత్తానికీ ఒక అమాయకత్వాన్ని ఇస్తుంది, కొంత పలచదనాన్ని కూడా.

నేల కింది భాగానికి వస్తే, ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ గొప్పతనం అక్కడే మొదలవుతుంది. హైరూల్ నేలలో ఏర్పడిన అగాధాల గుండా దూకితే డెప్త్స్ అనే పాతాళం వస్తుంది. పైన ఉన్న రాజ్యమంత విశాలమైన ఈ లోకంలో కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు. వెలుగునిచ్చే విత్తనాలు విసురుకుంటూ, ఒక్కొక్క అడుగుకు నేల ఉందో లేదో చూసుకుంటూ ముందుకు పోవాలి. అక్కడ వ్యాపించిన గ్లూమ్ అనే విషపు బురద తగిలితే మామూలు గాయంలా రక్తం మాత్రమే పోదు, ఆయువు నిల్వే తరిగిపోతుంది, పై లోకంలో కోలుకోవడానికి తినే మామూలు తిండి దానికి పనిచేయదు. నేలపైకి రావాలి, లేదా లైట్‌రూట్ అనే వెలుగువేరును చేరుకోవాలి. పాతాళంలో ఈ వేర్లు 120 ఉంటే నేల మీద పుణ్యస్థలాలూ 120 ఉన్నాయి, ఒక్కొక్క వేరు ఒక్కొక్క స్థలానికి సరిగ్గా కిందనే ఉంటుంది. పైన వెలిసిన దైవానికి కింద వేరు ఉందన్న ఈ భావన బొగ్గు ప్రాంతానికి ఎంతమాత్రం పరాయిది కాదు. బాయి ముఖద్వారం దగ్గర మైసమ్మ గుడి ఉండటం, లోపలికి దిగేవాడు ఆమెకు దండం పెట్టి దిగడం ఈ నమ్మకానికే మరో రూపం. ఆమె కాపాడవలసింది నేల మీద ఉన్నవాణ్ని కాదు, తన పాదాల కిందికి పోయినవాణ్ని. వరుసకు ఆద్యుడైన షిగెరు మియమోతో తన బాల్యంలో గుహల్లో తిరిగిన అనుభవం నుంచి తొలి గేమును ఊహించినట్టు చెప్పారు. ఆ తొలి భయం 37 ఏళ్ల తర్వాతి ఈ గేములో అచ్చంగా ఉంది.

కానీ అదే గేమ్ లింక్‌కు అసెండ్ అనే శక్తిని ఇస్తుంది: తల మీద కప్పు అందేంత దూరంలో ఉంటే చాలు, రాతిలో ఈదుకుంటూ పోయి పైన తేలవచ్చు. ఆటగా ఇది అద్భుతమైన ఊహ. బొగ్గు గనిలో మాత్రం మనిషికీ ప్రకృతికీ మధ్య జరిగే సంభాషణ అంతా ఆ కప్పు గురించే. పని మొదలయ్యే ముందు గని సర్దార్ కర్రతో కప్పును తట్టి, వచ్చే చప్పుడును బట్టి అది గట్టిగా ఉన్నదా, లోపల పొర విడిపోయిందా అని తెలుసుకుంటాడు. గట్టి రాయి గణగణమంటుంది, విడిపోయిన పొర బోలుగా పలుకుతుంది. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది, అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది, 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు మరణించారు. ఈ మరణాలు తెలిసిన మనసుకు అసెండ్ ఒక కోరికగా అర్థమవుతుంది, ప్రార్థనకు చాలా దగ్గరగా ఉండే కోరికగా. తలమీది రాయి దారి ఇవ్వాలని కోరుకోని కార్మికుడు ఉండడు. గేమ్ ఆ కోరికను తీర్చడం తప్పు కాదు. దాని బరువు ఎరగకుండా తీర్చడమే లోపం.

ఆ లోపం పాతాళపు గనుల్లో మరీ స్పష్టం. జోనై అనే ప్రాచీన జాతి అక్కడ జోనైట్ అనే ఖనిజాన్ని తవ్వించింది, వదిలేసిన పెద్ద పెద్ద గనులు ఇంకా నిలిచి ఉన్నాయి, వాటిలో యంత్రపు మనుషులు వేల ఏళ్లుగా కాపలా ఉన్నారు. తవ్విన మనిషి జాడ మాత్రం ఆటగాడికి దొరకదు. 1889లో ఇల్లందు దగ్గర మొదలై 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు పొందిన కంపెనీ చరిత్రలో ఎన్ని గనులు మూతబడినా, ప్రతి మూతబడిన బాయికీ అందులో పనిచేసినవాళ్ల పేర్లు తలచుకునే కాలనీ ఒకటి ఉంటుంది. మనుషులు లేని గని అలంకారమే అవుతుంది.

పాతాళంలో మనుషులకు అతి దగ్గరగా వచ్చేవి పో అనే దీపాల వంటి ఆత్మలు. చీకట్లో దారి తప్పిన ఈ ఆత్మలను ఏరి, బార్గెయినర్ అనే విగ్రహాలకు అప్పగిస్తే అవి వాటిని పరలోకానికి చేరుస్తాయి. ఇంతవరకు ఇది పితృకార్యమే, దిక్కులేని ప్రేతానికి పిండం పెట్టడం వంటిది. అయితే విగ్రహం ప్రతిఫలంగా దుస్తులూ సామగ్రీ ఇస్తుంది, వాటికి నిర్ణీతమైన ధర ఉంటుంది, దాంతో ఆటగాడు ఆత్మలను డబ్బుగా లెక్కపెట్టడం నేర్చుకుంటాడు. మొక్కు కూడా ఇచ్చిపుచ్చుకోవడమే కదా అని ఎవరైనా అనవచ్చు. మేడారం జాతరలో సమ్మక్క దేవత గద్దె దగ్గర నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం, తూచి ఇచ్చే భక్తుడు దేవతతో బేరం ఆడినట్టే పైకి కనిపిస్తాడు. కానీ మొక్కులో తూగేది భక్తుడి సొంత బరువు, అవతలి ప్రాణాలు కావు. పైగా ఆ బెల్లం ప్రసాదమై పదిమంది నోట పడుతుంది. ఈ గేమ్ చేసిన అతి పెద్ద ధార్మికమైన పొరపాటు పోలకు ధర కట్టడమే.

ఇన్ని లోపాలున్నా ఈ గేమును గొప్పదని చెప్పక తప్పనిది జెల్డా కథ వల్ల. కాలంలో వెనక్కి, హైరూల్ రాజ్యం పుట్టిన రోజుల్లోకి విసిరివేయబడిన రాజకుమారికి భవిష్యత్తులో లింక్ చేతి ఖడ్గం విరిగిపోయిందని తెలుసు, దాన్ని మళ్లీ శక్తిమంతం చేయాలంటే వేల ఏళ్లు పవిత్రమైన తేజస్సులో ఉంచాలని తెలుసు. మహిమగల మణిని మింగితే అమరమైన డ్రాగన్‌గా మారవచ్చు, కానీ మారినవాళ్లు తామెవరో మరిచిపోతారు, తిరిగి రారు, అది నిషిద్ధం అని మినేరు అనే జ్ఞాని ఆమెకు చెబుతుంది. ఆమె మింగుతుంది. ఆటగాడికి ఈ సంగతి వరుసలో తెలియదు. నేల మీద గీసిన మహాచిత్రాల్లో దాగిన కన్నీటి బొట్లలో ఒక్కొక్క జ్ఞాపకంగా, ముందువి వెనుకగా తెలుస్తుంది. అంతకుముందే అతను ఆకాశంలో నెమ్మదిగా తిరిగే తెల్లని డ్రాగన్‌ను చాలాసార్లు చూసి, అందమైన దృశ్యం అనుకుని తన దారిన పోయి ఉంటాడు. వెతుకుతున్న మనిషి మొదటినుంచీ తల మీదే ఉందని తెలిసిన క్షణంలో అంతవరకు ఆడిన ఆటంతా అర్థం మార్చుకుంటుంది. దృశ్యకళల్లో ఇంత పనితనంతో చేసిన ప్రత్యభిజ్ఞ, అంటే ఎదుట ఉన్నదాన్నే గుర్తుపట్టడం, అరుదు.

గీత పద్దెనిమిదో అధ్యాయం త్యాగాన్ని మూడు విధాలుగా విడదీసింది: మోహం వల్ల పనిని వదలడం తామసం, కష్టానికి భయపడి వదలడం రాజసం, చేయవలసినదాన్ని ఫలంమీద ఆశ లేకుండా చేయడం సాత్త్వికం. జెల్డా చర్యలో వదిలేసింది పనిని కాదు, పనిచేసే నేను అన్న స్పృహనే. ఫలం అందినా అందిందని తెలుసుకునే మనసు ఆమెకు మిగలదు. ఇంతకంటే కఠినమైన నిష్కామత్వాన్ని ఊహించడం కష్టం. చివరి యుద్ధం తర్వాత హైరూల్ తొలి రాజు రౌరు, అతని రాణి సోనియాల ఆత్మల సాయంతో లింక్ ఆమెను మళ్లీ మనిషిని చేసినప్పుడు, చాలామంది విమర్శకులకు అది త్యాగాన్ని రద్దు చేసినట్టు తోచింది. ఇక్కడ తెలుగు ప్రేక్షకుడి సాక్ష్యాన్ని వినాలి. సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటి సీను కోసం తెల్లవార్లూ కూర్చునే జనానికి లోహితాస్యుడు బతుకుతాడని తెలుసు, అయినా చంద్రమతి ఏడుపుకు వాళ్ల కళ్లు తడుస్తాయి. ప్రేక్షకుడికి తెలిసింది హరిశ్చంద్రుడికి తెలియదు, కత్తి ఎత్తిన క్షణంలో అతనికి ముందున్నది ఏమీ లేదు. ఇచ్చినవాడికి ఆశ లేకపోవడంలోనే త్యాగం పూర్తవుతుంది. ఆ తర్వాత దైవం ఏం చేస్తుందన్నది దైవం సంగతి. ఈ గీటురాయి మీద జెల్డా నిలుస్తుంది.

అయితే బొగ్గు ప్రాంతపు భక్తి మరో మార్గాన్ని ఎరుగును, అది మరింత ధైర్యమైనది. కాకతీయ సేనతో పోరాడి గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచిపోయి మాయమైంది, వెతికినవాళ్లకు కుంకుమభరిణే దొరికింది. రెండేళ్లకోసారి మేడారంలోనూ, అక్కడికి పోలేనివాళ్ల కోసం గోదావరిఖనిలో నది ఒడ్డునా, ఆమె గద్దె మీదికి వస్తుంది, మొక్కులు అందుకుంటుంది, తిరిగి అడవికి వెళ్లిపోతుంది. ఆమె ఉండిపోవాలని జనం కోరరు. వనప్రవేశం చేయించి మరీ సాగనంపుతారు. రావడమూ పోవడమూ రెండూ సత్యమే అని ఒప్పుకునే ఈ దృష్టి ముందు, జెల్డాను శాశ్వతంగా ఇంటికి చేర్చి తృప్తిపడే ముగింపు కొంచెం తొందరపాటుగానే కనిపిస్తుంది.

నిజంగా క్షమించలేనిది మాత్రం లింక్ చేయి. కథ మొదట్లో కోట కింది చీకట్లో అతని కుడిచేయి గ్లూమ్ వల్ల నాశనమవుతుంది, రౌరు తన చేతిని అతనికి ఇస్తాడు, ఆట మొత్తం ఆ పరాయి చేత్తోనే సాగుతుంది. చివర జెల్డాతో పాటే అతని సొంత చేయి కూడా, ఎవరూ అడగకుండా, ఎవరూ ఏ మూల్యమూ చెల్లించకుండా, తిరిగి వచ్చేస్తుంది. జెల్డా తిరిగి రావడానికి వేల ఏళ్ల నిరీక్షణ ఉంది, ఇద్దరు మృతుల సాయం ఉంది. చేతికి ఏమీ లేదు. బాయిలో చేయి పోగొట్టుకున్నవాడికి సర్ఫేస్‌లో తేలిక పని దొరకవచ్చు, పరిహారం దొరకవచ్చు, చేయి దొరకదు, మిగిలిన బతుకంతా అతను ఆ లేని చేత్తోనే బిడ్డల పెళ్లిళ్లు చేస్తాడు. రౌరు ఇచ్చిన చేయి లింక్ భుజానికి అలాగే ఉండిపోయి ఉంటే, జెల్డా తిరిగి రావడాన్ని నమ్మడం ఇప్పటికంటే తేలికయ్యేది.