విశ్రాంతికీ వంతు

అలసిపోయి చావు కోరుకున్న ప్రవక్తకు దేవుడు ముందుగా పెట్టింది రొట్టె. బైబిలులో ఏలీయా కథ చదివినప్పుడల్లా నా మనసు అక్కడే ఆగుతుంది. కర్మెలు కొండ మీద గొప్ప విజయం చూసినవాడు, రాణి బెదిరింపుకు హడలిపోయి అరణ్యానికి పరుగెత్తాడు. ఒక చెట్టు కింద కూలబడి ఇక చాలు, ప్రాణం తీసుకోమన్నాడు. దేవదూత వచ్చి మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు తలాపున పెట్టి లేపాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడి మాట వినిపించింది ఆ తరవాతే. తన పనిని అందుకోవడానికి ఎలీషా ఉన్నాడని తెలిసిందీ అక్కడే. తిండి, నిద్ర, దేవుడి మాట, పని పంచుకునే తోడు. ఈ నాలుగూ కలిస్తేనే మనిషి మళ్లీ నిలబడతాడు.

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల వర్జీనియా పొగాకు పండించేవాళ్లకు ఈ అలసట బాగా తెలుసు. కోసిన ఆకు బ్యారన్ అనే ఎండబెట్టే గదిలోకి ఎక్కిందంటే అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట కాయాలి. మొదట తక్కువ వేడి మీద ఆకు పసుపు రంగుకు తిరగాలి. ఆపైన కొద్దికొద్దిగా వేడి పెంచుతూ ఆకునూ, ఈనెనూ ఎండబెట్టాలి. వేడి అదుపు తప్పితే రంగు చెడుతుంది. రంగు చెడితే వేలం కేంద్రంలో ధర పడిపోతుంది. ఒక విడత దించేసరికి చేలో మరో విడత ఆకు కోతకు వస్తుంది. అప్పు చేసి పంట పెట్టిన రైతు కళ్లు మూసినా నిద్ర పట్టదు.

ఇలా పనితో అలసి ఇంకిపోవడాన్ని ఇంగ్లీషులో బర్నౌట్ అంటారు. దాన్ని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పనికి సంబంధించిన స్థితిగా వివరించింది. ఎడతెగని పని ఒత్తిడిని సంబాళించుకోలేనప్పుడు సత్తువ ఇంకిపోతుంది, చేసే పని మీద విరక్తి పుడుతుంది, చేయగలనన్న నమ్మకం సన్నగిల్లుతుంది. ఆసుపత్రి నర్సులోనూ, బడి టీచరులోనూ, అందరి కష్టాలకూ ప్రార్థన చేస్తూ తన కష్టం ఎవరికీ చెప్పుకోలేని పాస్టరుగారిలోనూ ఇదే కనిపిస్తుంది.

విశ్రాంతి దినాన్ని ఆచరించమన్న ఆజ్ఞకు ద్వితీయోపదేశకాండం చెప్పే కారణం నన్ను కదిలిస్తుంది. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతి మరవొద్దు అంటుంది. దాసుడికి సెలవు లేదు. అంటే ఆగలేని మనిషి ఇప్పటికీ దేనికో దాసుడే. అప్పుకో, పేరుకో, తాను లేకపోతే ఏదీ నడవదన్న భయానికో. ఆ ఆజ్ఞ యజమానితో ఆగదు. దాసుడూ దాసీ, ఎద్దూ గాడిదా, ఊళ్లో ఉన్న పరదేశీ అందరూ ఆగాలంటుంది. మన కనుమలోనూ ఈ దయ ఉంది. ఆ రోజు ఎడ్లకు కాడి కట్టరు. కడిగి, బొట్టు పెట్టి, మేత వేస్తారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు పెద్దలు. పనులన్నీ తీరాక విశ్రాంతి అనుకుంటే ఆ రోజు ఎన్నటికీ రాదని మన పెద్దలకూ తెలుసు. అందుకే ముందుగానే ఒక రోజు కేటాయించి పెట్టారు.

బ్యారన్ మంట మాత్రం ఆదివారం ఆగదు. కాబట్టి మనుషులే వంతులు వేసుకోవాలి. ఈ రాత్రి నా బ్యారన్ నువ్వు చూడు, రేపు నీది నేను చూస్తానని ఇద్దరు రైతులు అనుకోగలిగితే అది కూడా ప్రార్థనే. పక్కవాడికి మంట అప్పగించి నిద్రపోవడానికి ఎంతో విశ్వాసం కావాలి.

ఇంట్లోనూ ఇదే లెక్క. చర్చి నుంచి వచ్చి మగవాళ్లు నడుం వాల్చగా, ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గరే నిలబడితే ఆ ఇంటికి ఆదివారం సగమే వచ్చింది. ఇల్లాలికి ఒక పూట వంట తప్పించాలి. కూలికి వచ్చేవాళ్లకు వారానికొక రోజు సెలవివ్వాలి. ఆదివారమంతా సేవలో గడిపే పాస్టరుగారిని సోమవారం ఎవరూ పిలవకుండా సంఘం చూసుకోవాలి. ఇంత చేసినా మనసు తేలిక పడకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది విశ్వాసం తగ్గడం కాదు, ఏలీయాకు రొట్టె పంపిన దేవుడే మనకు వైద్యుడినీ ఇచ్చాడు.

ఒకరి నిద్ర చెడగొట్టి నేను తీసుకునే విశ్రాంతిలో దేవుడి పేరు ఎత్తలేను. నాతోపాటు నా ఇల్లు, నా దగ్గర పనిచేసేవాళ్లు, నా పశువు కూడా ఆగిన రోజునే ప్రభువు దినం అనగలను.