తుప్పు వదిలాక మిగిలేది

1990లో లండన్ హైకోర్టు ముందుకి ఒక విచిత్రమైన తగాదా వచ్చింది. 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరున్న ఒక బెంట్లీ కారుని కోటి పౌండ్లకి కొంటామని ఒక కంపెనీ ఒప్పుకుంది. తర్వాత వెనక్కి తగ్గింది. కారణం: ఇది ఆ కారు కాదు. ఆ కారంటే 1929లోనూ, 1930లోనూ లె మాన్ 24 గంటల రేసు గెలిచిన కారు. ఆ గెలుపుల తర్వాత కూడా దాన్ని రేసుల కోసం మారుస్తూనే పోయారు. 1932లో బ్రూక్‌లాండ్స్‌లో అది గట్టు దాటి పడిపోయి, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. ఆ తర్వాత దానికి ఇంకో ఒళ్ళు తొడిగారు. అరవై ఏళ్ళ తర్వాత విప్పి చూస్తే, లె మాన్‌లో పరిగెత్తిన లోహం అందులో మిగిలింది చాలా కొంచెం.

జడ్జి ఆటన్ తీర్పు అమ్మినవాడి వైపు వచ్చింది. విడిభాగాల లెక్కలో చూస్తే ఇది మొదటి కారు కాదు, ఆ సంగతి ఆయనా ఒప్పుకున్నాడు. కానీ ఏ ఒక్క రోజునా ఆ కారు అంతరించిపోయి, మర్నాడు వేరే కారు పుట్టలేదు. మారుతూ మారుతూ వచ్చింది. మధ్యలో తెగని చరిత్ర ఉంది కాబట్టి ఆ పేరు దీనిదే అన్నాడు.

థీసియస్ ఓడ కథ తెలిసినవాళ్ళకి ఇది కొత్త సమస్యేం కాదు. పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తే ఓడ అదేనా? పదిహేడో శతాబ్దంలో హాబ్స్ దీనికి ఇంకో మెలిక పెట్టాడు: పారేసిన పాత పలకలన్నీ ఎవరో ఏరుకుని అదే వరసలో బిగించి రెండో ఓడ కడితే, ఏది అసలుది? మన వైపు ఈ ప్రశ్నకి ఇంకా దగ్గరి చుట్టం ఒకటుంది. పాళీ గ్రంథం మిళిందపన్హలో నాగసేనుడు, రథమెక్కి వచ్చిన రాజు మిళిందుణ్ణి అడుగుతాడు: రథం అంటే ఏది? ఇరుసా, చక్రాలా, కాడా? ఏదీ కాదు, అన్నీ కలిపిన కుప్ప కూడా కాదు. అవన్నీ ఒక తీరులో ఉన్నప్పుడు మనం పెట్టుకున్న వ్యవహార నామం రథం. అది కూడా టాపు లేని బండే కాబట్టి నా విషయానికి బాగా అతుకుతుంది.

నా విషయం 1972 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్. నేనుండేది మిషిగన్‌లో. నాతో పనిచేసే ఒకావిడ వాళ్ళ నాన్నగారిది ఆ కారు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. కారు గరాజ్‌లో టార్పాలిన్ కింద అంతకుముందు నుంచే పడి ఉంది. దాన్ని మళ్ళీ రోడ్డు మీదకి తేవాలని ఆవిడ కోరిక. కారు పనులంటే నాకు పిచ్చి అని తెలిసి సాయం అడిగింది. దాదాపు ఏడాదిన్నర శని, ఆదివారాలు దాని కిందే గడిచాయి.

ఎమ్‌జీబీ గురించి రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైంది. టాపున్నవీ లేనివీ కలిపి అయిదు లక్షలకి పైగా చేశారు, టాపు లేనివాటిలో చాలా భాగం అమెరికాకే వచ్చాయి. 1798 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు, సీట్ల వెనక దాచిన రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు. పెద్ద గొప్ప కారేం కాదు. మామూలు జీతగాడు కొనుక్కోగలిగిన సరదా కారు. కాబట్టి బెంట్లీ కేసులోలాగా కోటి పౌండ్ల ప్రశ్న ఇక్కడ లేదు. అందుకే మిగతా ప్రశ్నలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

ఏళ్ళ తరబడి ఆగిపోయిన కారుకి ముందు తాళం పెట్టి తిప్పకూడదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలోకి కాస్త నూనె పోసి, కొన్నాళ్ళు నానబెట్టి, ఇంజన్‌ని చేత్తో తిప్పి చూడాలి. ట్యాంకులో పెట్రోలు ముదిరి వార్నిష్ వాసన వేస్తుంది. దాన్ని పారబోసి, ట్యాంకు లోపలి తుప్పు చూడాలి. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీల్చుకునే రకం. ఆ తేమ వల్ల లోపల్నుంచే సిలిండర్లు పట్టేస్తాయి. రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి మూసుకుపోతాయి. టైర్లకి అరుగు లోతు ఎంత ఉన్నా వయసైపోయిన రబ్బరుని నమ్మకూడదు. ఇదంతా ఓపికతో అయ్యే పని. ఇందులో తత్వశాస్త్రం ఏమీ లేదు. బ్రేకు గొట్టం కొత్తదేస్తే కారు వేరేదైపోయిందని ఎవరూ అనరు.

చిక్కంతా సిల్స్ దగ్గర మొదలైంది. డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే ఉక్కు పెట్టెలవి. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, ఒళ్ళే ఛాసిస్. పైన కప్పు కూడా లేదు కాబట్టి నడుము వంగకుండా పట్టి ఉంచే పని చాలావరకు వీటిదే. చలికాలం మిషిగన్ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు మొదట తినేది ఈ సిల్స్‌నే. జాకీ పెట్టి కారుని లేపితే డోరు తెరుచుకోలేదు. అంటే నడుము జారిందన్నమాట. పెయింటు గీకితే లోపల తుప్పు కనిపించలేదు. చక్కగా కత్తిరించిన రేకు, దానికి సమానమైన దూరంలో రివెట్లు, అంచుల వెంట నున్నగా పూసిన ఫిల్లరు కనిపించాయి. పెద్దాయన చేతిపని. "మా నాన్న ఒక వేసవంతా దీని మీదే కూర్చున్నారు" అందావిడ.

ఆయన చేతిపని ఇంకోటి కూడా ఉంది. డాష్‌బోర్డు కింద చిన్న చెక్క ముక్క మీద బిగించిన స్విచ్చు. హీటర్ ఫ్యాన్‌కి ఫ్యాక్టరీ స్విచ్చు పాడైతే ఆయన పెట్టుకున్నది. పక్కన ఆయన చేతిరాతతో ఆన్, ఆఫ్ అని గుర్తులు.

ఈ రెంటినీ ఏం చెయ్యాలి? పాత కార్ల వాళ్ళలో రెండు తెగలున్నాయి. ఒకళ్ళు ప్రతి బోల్టూ ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలంటారు. వాళ్ళ లెక్కలో స్విచ్చు, రేకు రెండూ కళంకాలే, రెండూ పోవాలి. రెండోవాళ్ళు ఉన్నదున్నట్టు నూనె గుడ్డతో తుడుచుకుంటూ నడపాలంటారు. వాళ్ళ లెక్కలో గీతలు, సొట్టలు కూడా కారు జీవితమే. భవనాల విషయంలో ఈ మాటని గట్టిగా చెప్పినవాడు జాన్ రస్కిన్. పాత భవనాన్ని పునరుద్ధరించడమంటే దాన్ని నాశనం చెయ్యడమేనని 1849లోనే వాదించాడు. కట్టినవాడి చెయ్యి మళ్ళీ రాదు కాబట్టి మనం చేసేది నకలే అవుతుందని ఆయన బాధ.

మన సంప్రదాయం ఈ విషయంలో రస్కిన్‌లాగా ఆలోచించలేదు. జీర్ణోద్ధరణ మనకి పాపం కాదు, పుణ్యకార్యం. యాదాద్రి ఆలయాన్ని తిరిగి కట్టినన్నాళ్ళూ పూజలు బాలాలయంలో జరిగాయి. 2022 మార్చిలో స్వామి మళ్ళీ ప్రధానాలయంలో దర్శనమిచ్చాడు. గోపురాలు కొత్తవి, రాళ్ళు కొత్తవి. వేరే గుడికి వచ్చామని భక్తుడికి అనిపించదు. ఎందుకంటే గుడి కొనసాగుతున్నది రాళ్ళలో కాదు, పూజలో. అది ఆగకూడదనే బాలాలయం. ఇటు అలంపురంలో సంగమేశ్వరాలయం చూడండి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయీ విప్పి తెచ్చి మళ్ళీ పేర్చారు. అక్కడ రాళ్ళు అవే, చోటు మారింది. ఒకచోట పూజని కాపాడుకున్నాం, ఇంకోచోట రాళ్ళని. రెండూ తప్పనిపించవు. ఏది పోతే అది పోయినట్టవుతుందో, దాన్నే పట్టుకున్నాం.

మరి కారులో ఏది పోతే కారు పోయినట్టు? బ్రిటన్‌లో వాహనాలు రిజిస్టరు చేసే సంస్థ దీనికి చాలాకాలం పాటు మార్కుల పట్టీ ఒకటి నడిపింది. బాగా మార్చేసిన కారు తన పాత నంబరుని ఉంచుకోవాలంటే ఎనిమిది మార్కులు రావాలి. ఛాసిస్ లేదా ఒళ్ళుకి అయిదు, సస్పెన్షన్, ఇరుసులు, గేర్ల వ్యవస్థ, స్టీరింగ్ ఒక్కోదానికి రెండేసి. మనం గుండెకాయ అనుకునే ఇంజన్‌కి ఒకే ఒక్క మార్కు! నవ్వొస్తుంది గానీ, నాగసేనుడు ఒప్పుకునే పద్ధతే ఇది. పేరు వ్యవహారం కోసం పెట్టుకున్నదైతే, దాని హద్దులు కూడా వ్యవహారం కోసం మనమే గీసుకోవాలి. పైగా ఎమ్‌జీబీకి 1988 నుంచి కొత్త ఒళ్ళే దొరుకుతోంది, పాత అచ్చులని వెతికి పట్టుకుని మళ్ళీ తయారీ మొదలెట్టారు. కాబట్టి హాబ్స్ మెలిక క్లాసురూములో వేసే పొడుపు కథ కాదు, ఆర్డరు పెట్టి తెప్పించుకోగలిగిన సరుకు.

ఆ కొత్త ఒళ్ళు తెప్పించి, సామానంతా అందులోకి మార్చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. వెల్డింగు ఖర్చుతో పోలిస్తే మరీ తేడా లేదు. ఆవిడ వద్దంది. నాకూ వద్దనే అనిపించింది, కానీ ఎందుకో చెప్పడానికి చాలా రోజులు పట్టింది. సాఫ్ట్‌వేర్‌లో పాత ప్రోగ్రామ్‌ని చూసి, ఇదంతా పీకేసి మొదట్నుంచి రాద్దాం అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ పాత కోడ్‌లో వికారంగా కనిపించే ప్రతి షరతు వెనకా ఎప్పుడో ఎవరికో వచ్చిన ఇబ్బంది ఉంటుంది. పీకేస్తే వికారంతోపాటు ఆ జ్ఞాపకమూ పోతుంది. అట్లాగని వికారమంతా జ్ఞానమని కూడా కాదు. కొన్ని షరతులు నిజంగానే ఆ రోజు గడవడానికి వేసిన అతుకులు. ఏది ఏదో ఒక్కొక్కటీ విప్పి చూసి తేల్చుకోవాల్సిందే తప్ప దగ్గరిదారి లేదు.

అలా విప్పి చూస్తే స్విచ్చు, రేకు ఒకే చేతి పనులైనా ఒకే రకం కావని తెలుస్తుంది. స్విచ్చు తనేమిటో దాచుకోదు. వేరేవాడు పెట్టిందని చూస్తూనే తెలుస్తుంది, పాడైతే ఫ్యాన్ ఆగుతుంది, అంతే. రేకు అలా కాదు. బలం లేని చోట బలం ఉన్నట్టు కనిపిస్తోంది. ఆయన మోసం చేద్దామని చేసి ఉండడు, ఆయనకి తెలిసిన మరమ్మత్తు అది. కానీ ఉద్దేశం ఎంత మంచిదైనా ఆ రేకు చెప్పేది అబద్ధం. ఆ అబద్ధం ఖరీదు కట్టేది మనం ఒక్కళ్ళమే కాదు, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు, ఎదురుగా వచ్చే కారులో మన పేరు కూడా తెలియనివాళ్ళు. చనిపోయినవాళ్ళకి మనం బాకీ ఉన్నామన్నది నిజమే. ఆ బాకీని పరాయివాళ్ళ ప్రాణాల్లోంచి తీర్చే హక్కు మాత్రం మనకి లేదు. కారు మనదే. రోడ్డు మన ఒక్కళ్ళదే కాదు.

ఆవిడ రెండు వారాలు మాట్లాడలేదు. తర్వాత, కొయ్యమంది. డోరు కంతకి అడ్డంగా ఇనుప పట్టీలు బిగించి, ఒళ్ళు వంగకుండా చూసి, అనుభవమున్న వెల్డరు చేత పాత సిల్స్ కోయించి కొత్తవి వేయించాం. స్విచ్చు అక్కడే ఉంది. బ్రేకులన్నీ కొత్తవి. సీట్ల తోలు పాతదే, చిరుగులతో సహా. కోసి తీసిన రేకుని ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళింది. ఏం మార్చాం, ఎప్పుడు మార్చాం, ఎందుకు మార్చామన్నది ఫొటోలతో ఒక పుస్తకంలో రాసి కారులోనే పెట్టాం. నా దృష్టిలో ఆ పుస్తకం కూడా కారులో ఒక భాగమే. రేపు కొనుక్కునేవాడికి ఆ నున్నటి పెయింటు కింద ఏముందో తెలియాలి. బెంట్లీ జడ్జి చెప్పిన తెగని చరిత్ర దానంతటదే ఉండదు. ఎవరో ఒకరు రాసి పెడితేనే అది తెగకుండా ఉంటుంది.

ఒక అభ్యంతరం మిగిలే ఉంది. పెట్టిన ఖర్చుకి సగం కూడా ఆ కారు పలకదు. ఊళ్ళో అవసరాలెన్నో ఉండగా ఒక డొక్కు షోకు బండి మీద ఇంత డబ్బూ, ఇన్ని శనివారాలూ న్యాయమేనా? దీన్ని పొదుపనో, పర్యావరణ సేవనో చెప్పుకునేవాళ్ళున్నారు. ఏడాదికి కొన్ని వందల మైళ్ళు తిరిగే కారు విషయంలో ఆ సాకులు నిలబడవు. ఇది షోకే. షోకుని షోకనే పిలవడం మొదటి మర్యాద. అయితే ఖరీదుతో తూగని పనులన్నీ దండగ అనుకుంటే ముసలివాళ్ళ పక్కన కూర్చోవడం నుంచి పాత ఉత్తరాలు దాచుకోవడం దాకా చాలా వదులుకోవాల్సి వస్తుంది. అందుకని ఈ ప్రశ్నకి అవునని గానీ కాదని గానీ తీర్పు చెప్పి ఊరుకోలేను. ఎంతవరకు అన్నది ఎవరికి వాళ్ళు లెక్క చూసుకోవాల్సిందే.

చివరికి నాకు మిళిందుడి రథం గురించి ఒక మాట తోస్తుంది. ఇరుసు కాదు, చక్రం కాదు అంటూ పోయిన నాగసేనుడు మొదట అడిగింది, నడిచొచ్చావా, దేని మీదైనా వచ్చావా అని. రాజు దాని మీద వచ్చాడు కాబట్టే అది రథమా కాదా అన్న ప్రశ్న పుట్టింది. కదలకుండా టార్పాలిన్ కింద అన్ని భాగాలూ అసలువే ఉన్న కారుకి ఈ చిక్కులేవీ లేవు. అది ఎవరినీ ఎక్కడికీ తీసుకుపోదు, ఎవరికీ ప్రమాదమూ కాదు, దాన్ని గురించి ఎవరూ ఏమీ నిర్ణయించుకోనక్కర్లేదు. మళ్ళీ రోడ్డెక్కించడమంటే దాన్ని తిరిగి ఆ ప్రశ్నల్లోకి తేవడం. అది అసలుదేనా అనే ప్రశ్న కంటే, అది ఇప్పుడు ఎవరికి జవాబుదారీ అనే ప్రశ్న పెద్దది.