సగం చెప్పిన పని

ఎల్లంతకుంట మాదిగవాడలో మా బాపు మోటలకు తోలు తొండాలు కుట్టేవాడు. బాయిల మీదికి డీజిల్ ఇంజన్లు, వాటెనుక కరెంటు మోటార్లు వచ్చినంక తొండం కుట్టించుకునే రైతు లేకుండ పోయిండు. బాపు ఆరె, రంపె మూట గట్టి అటక మీద పెట్టి, నన్ను కరీంనగర్‌ల ఒక లారీ షెడ్డుకు తోలిండు. బాపు పనిని మింగింది డీజిలే, నాకు బువ్వ పెట్టింది డీజిలే.

షెడ్డుల ఉస్తాద్ అన్ని పనులూ నేర్పిండు. ఒక్క పంపు టైమింగ్ మాత్రం నేర్పలే. ఆ పనికి చెయ్యి పెట్టంగనే "అరే, చాయ్ తేపో" అనేవాడు. నేను వచ్చేసరికి కప్లింగ్ బోల్టులు బిగించి చేతులు తుడుచుకునేవాడు. ఆయనా పేదోడే. అది ఆయన చేతిల ఉన్నన్ని రోజులే షెడ్డు ఆయన మాట వింటది. మూడేండ్లు చాయ్ గ్లాసులు పట్టుకొని దూరం నుంచి చూసి, దొంగలెక్క నేర్చుకున్న.

ఆ పనేందో చదువుకునే పిల్లలకు చెప్పాలె. పాత టాటా 1210 వంటి బండ్లల్ల ఇంజన్ పక్కన పంపు ఉంటది. ఏ సిలిండర్‌కు ఏ క్షణంల డీజిల్ అందాలో అది పంచుతది. 1-5-3-6-2-4, ఇదీ వరుస. ముందుగాల అందితే ఇంజన్ టకటక కొట్టుకుంటది. ఆలస్యమైతే పొగ, వేడి. బండి ఎత్తెక్కది. పంపు మొదటి గొట్టం విప్పి, లోపలి వాల్వు, స్ప్రింగు తీసి, ఒక వంకర పైపు బిగిస్తం. డీజిల్ ధారగ కారుతది. ఇంజన్‌ను రాడ్డుతోని మెల్లమెల్లగ తిప్పుతుంటే ధార సన్నబడి, దారమై, చుక్కలైతది. సరిగ్గ అప్పుడు ఫ్లైవీల్ మీది గుర్తు ముల్లుకు ఎదురు రావాలె. రాకపోతే కప్లింగ్ వదులు జేసి పంపును జరపాలె. పంపు ఇంజన్ వేగంల సగమే తిరుగుతది, అక్కడ ఒక డిగ్రీ జరిపితే ఇంజన్ దగ్గర రెండు డిగ్రీలు. ఊపిరి బిగవట్టి చేసే పని.

ఇందులో ఒక మోసం ఉంది. ఒకటో నంబర్ పిస్టన్, ఆరో నంబర్ పిస్టన్ కలిసే పైకొస్తయి. గుర్తు రెండుసార్లూ ఎదురొస్తది. నిజంగ ఒకటో నంబర్ వంతేనా అని తెలవాలంటే ట్యాపెట్ కవర్ విప్పి రాకర్లు చూడాలె. ఒకటో నంబర్ రాకర్లు రెండూ వదులుగ ఉండాలె, ఆరో నంబర్‌వి అప్పుడే కదులుతుండాలె. అది చూడకపోతే పనంత సాఫుగ చేసినా బండి స్టార్ట్ కాదు.

1998 నాటికి నాకు సొంత షెడ్డు ఉన్నది. పనికి ఒక డక్కలి పోరడు వచ్చిండు. డక్కలోళ్లు మాదిగోళ్లకు జాంబపురాణం చెప్పేటోళ్లు, మా గోత్రాలు చదివేటోళ్లు, మమ్ముల తప్ప ఎవ్వరినీ అడగనోళ్లు. వాళ్ల గుడిసెలు మా వాడకు కూడ అవతల ఉండేవి. దొరల ఇండ్లల్ల మాకు నీళ్లు ఎట్ల ఎత్తిపోసేవాళ్లో, మా అవ్వ వాళ్ల దోసిట్ల అట్లనే ఎత్తిపోసేది.

పోరని చెయ్యి మంచిది. వంకర పైపు, ధార, చుక్క, గుర్తు, అన్నీ చెప్పిన. ఆరో నంబర్ సంగతి చెప్పలే.

ఒకనాడు నేను ఊరికి పోయినప్పుడు వాడే ఒక లారీకి టైమింగ్ పెట్టిండు. నేను వచ్చేసరికి సైలెన్సర్ నుంచి తెల్లపొగ, ఓనర్ నోట్లె బూతులు. "అడుక్కతినే జాతికి పానా ఇస్తే ఇంతే" అని చెంప మీద కొట్టిండు. వాడు నా దిక్కు చూసిండు. నేను ట్యాపెట్ కవర్ విప్పి, ఇంజన్ ఒక్క చుట్టు తిప్పి, సరిజేసి, పైసలు తీసుకున్న. నోరు తెరవలే. మర్నాటి సంది వాడు రాలే.

పొట్ట కోసం దాచుకున్ననని చాన రోజులు అనుకున్న. ఉస్తాద్ కూడ అదే అనుకొని ఉంటడు. కని అదే ఏడు మా అక్క కొడుక్కు ఆరో నంబర్ సంగతి దగ్గర కూసొబెట్టుకొని చెప్పిన. వాడు మాత్రం నా గిరాకి గుంజుకోడా? అడ్డమొచ్చింది పొట్ట అయితే ఇద్దరికీ అడ్డం రావాలె గద!

కులమంటే పనుల విభజన కాదు, పనిచేసేటోళ్ల విభజన అని అంబేద్కర్ 1936లోనే కులనిర్మూలన పుస్తకంలో రాసిండు. మీటింగుల్ల నేను సుత అది చాన సార్లు చెప్పిన, చప్పట్లు పడ్డయి. చెప్పినప్పుడల్ల నా కండ్లు మెట్ల మీదికే చూసినయి. నా కాలు ఎవరి నెత్తి మీద ఉన్నదో చూడలే.

ఇంతజేసి నేను దాచింది రహస్యమా? 1951లో పుట్టిన మైకో కంపెనీ ఆ పంపులు చేసేది. ఇంజన్ పుస్తకాల్లో ఇంగ్లీషుల ఇదంత రాసే ఉంటది. ఇంగ్లీషు వచ్చినోని చేతికి గ్రీజు అంటదు, గ్రీజు అంటినోనికి ఇంగ్లీషు రాదు. ఆ సందుల మేము ఉస్తాద్‌లమైనం. 2020 ఏప్రిల్ సంది అమ్ముతున్న బీఎస్-6 లారీలల్ల డీజిల్ ఎప్పుడు చల్లాలో కంప్యూటరే చూసుకుంటది. నా దగ్గరికి ఎప్పుడన్న ఒక పాత బండి వస్తది.

మొన్న సిరిసిల్ల బస్టాండ్‌ల ఆ పోరడు కనబడ్డడు. పోరడేంది, నెత్తి నెరిసింది. ట్రాక్టర్లు బాగుజేస్తున్నడట. చాయ్ తాపిచ్చిండు. "ఆరో నంబర్ సంగతి నేనే కనుక్కున్న ఉస్తాద్, రెండేండ్లు పట్టింది" అన్నడు. కొంచెం సేపు ఆగి, "గప్పుడు ఎందుకు చెప్పలే?" అని అడిగిండు.

"యాదికి లేదురా" అన్న.