పుర్సా అంటే అడగడం

చావింటికి వెళ్లి పలకరించడాన్ని ఉర్దూలో పుర్సా ఇవ్వడం అంటాం. ఫారసీలో 'పుర్సీదన్' అంటే అడగడం. తెలుగులో పరామర్శ అంటాం. పరామర్శించడమన్నా మంచీచెడూ అడగడమే. చావింటికి వెళ్లినవాళ్లు చెయ్యాల్సిన పని అడగడమేనని రెండు భాషలూ అనుకున్నాయన్నమాట. మరి మనం చేస్తున్నదేంటి? వెళ్లి కూర్చున్న ఐదు నిమిషాలకే చెప్పడం మొదలుపెడతాం. 'సబ్ర్ కరో' అని మావాళ్లు, 'గుండె దిటవు చేసుకోవాలి, మన చేతిలో ఏముంది' అని తక్కినవాళ్లు. ఏడ్చే మనిషి నోరు తెరిచేలోపే దాన్ని మూసి వచ్చేస్తాం.

సబ్ర్ అనే మాటని మావాళ్లు బాగా అరగదీశారు. ఏడవకపోవడమే సబ్ర్ అన్నట్టు చేశారు. పసికొడుకు ఇబ్రాహీం చనిపోతున్నప్పుడు ప్రవక్త కళ్లనీళ్లు పెట్టుకున్నారనీ, పక్కనున్నవాళ్లు ఆశ్చర్యపోతే ఇది దయ అన్నారనీ హదీసుల్లో ఉంది. భార్య ఖదీజా, పెంచి పెద్దచేసిన అబూ తాలిబ్ ఒకే ఏడాది పోతే, ఆ ఏడాదికి దుఃఖ సంవత్సరమనే పేరు చరిత్రలో ఉండిపోయింది. గుండెలు బాదుకుని గోలపెట్టడం వద్దన్నమాట నిజమే. గోల వద్దంటే కన్నీళ్లూ వద్దని ఎవరు చెప్పారు? తెలంగాణ పల్లెల్లో మా ఆడవాళ్లు శోకం తెలుగులోనే పెట్టేవాళ్లు. పోయినవాడి మంచితనం, వాడి తిండి, వాడి కోపం అన్నీ వరసపెట్టి తలుచుకునేవాళ్లు. ఇప్పుడు జమాత్ నుంచి తిరిగొచ్చిన కుర్రాడు వాళ్లని జాహిల్ అంటున్నాడు. 680లో కర్బలాలో పోయినవాళ్ల కోసం హిందువులూ ముస్లింలూ కలిసి పీర్లెత్తే ఊళ్లో, సొంత మొగుడి కోసం ఏడ్చిన మనిషికి ఈమాన్ ఎట్లా తక్కువవుతుంది?

అబ్బా పోయాక అమ్మీ ఇద్దత్ చందానగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో గడిచింది. నాలుగు నెలల పది రోజులు. చందానగర్ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకపక్క ముంబయి హైవే, ఇంకోపక్క ఎమ్మెమ్టీఎస్ పట్టాలు, పొద్దున తొమ్మిదయ్యేసరికి గచ్చిబౌలికీ మాదాపూర్‌కీ ఖాళీ అయిపోయే ఇళ్లు. పగలు బిల్డింగులో మిగిలేది వాచ్‌మన్ కుటుంబం, ముసలివాళ్లు. ఊళ్లో ఇద్దత్ అంటే గడప దాటకపోవడమే కానీ, ఒంటరితనం కాదు. వాడకట్టు ఆడవాళ్లందరూ ఆ గడప లోపలికే వచ్చేవాళ్లు. ఒకరు బియ్యం ఏరుతూ, ఒకరు పిల్లకి జడ వేస్తూ సాయంత్రందాకా కూర్చునేవాళ్లు. ఆ వాడకట్టు చుట్టూ ఉంటుందనుకునే ఆ కట్టుబాటు నిలబడింది. ఇప్పుడు వాడకట్టు లేదు, కట్టుబాటు మాత్రం ఉంది. అవసరముంటే ఇద్దత్‌లో పగటిపూట బయటికి వెళ్లవచ్చని ఆలిములే చెబుతారు. ఈ వెసులుబాటు సంగతి మగవాళ్లు ఇంట్లో చెప్పరెందుకో.

ఎదురు ఫ్లాట్ ఆవిడ మొదటి వారం రాలేదు. 'తుర్కోళ్ల ఇల్లని రాలేదేమో' అనుకుంది అమ్మీ. ఎనిమిదో రోజు తలుపు దగ్గర నిలబడి, 'మీ ఆచారం తెలీదమ్మా, లోపలికి రావచ్చో లేదో, ఎవర్నడగాలో తెలీక ఆగిపోయాను' అంది. తర్వాత రోజూ మధ్యాహ్నం వచ్చేది. దేవుడి గురించీ ధైర్యం గురించీ ఒక్క ముక్క మాట్లాడేది కాదు. 'అన్నయ్యగారికి ఏం కూర ఇష్టం?' అనడిగేది. 'కోపమొస్తే ఏం చేసేవారు?' అనేది. అమ్మీకి తెలుగు తడబడుతుంది. అయినా చెప్పింది. ఖట్టీ దాల్ గురించే మూడు రోజులు చెప్పింది.

తిండి సంగతి కూడా మాట్లాడుకోవాలి. 629లో ముతా యుద్ధంలో జాఫర్ చనిపోతే, ఆ ఇంటివాళ్లు దుఃఖంలో ఉన్నారు, వాళ్లకి వంట చేసి పంపండని ప్రవక్త చెప్పారు. ఇక్కడ హిందువుల్లోనూ చావింట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలో ఇరుగుపొరుగో వండి తెస్తారు. ఇంత చక్కని పద్ధతిని మేం తలకిందులు చేసుకున్నాం. జియారత్‌కి, పదో రోజుకి, చెహ్లుంకి చావింటివాళ్లే బిర్యానీ దేగ్‌లు దించాలి. ఆటో నడుపుకునే మనిషి పోతే, ఆ ఆటో అమ్మి చెహ్లుం చేసిన ఇళ్లున్నాయి. మాంసం ఉడకలేదని వంక పెట్టి లేచిపోయే చుట్టాన్ని పుర్సాకి వచ్చినవాడని ఎట్లా అంటాం?

ఇంకో దుఃఖం ఉంది. అది పూర్తిగా ఇంటిదీ కాదు, ఊరిదీ కాదు. 2007 మే 18న, శుక్రవారం, మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో మరికొందరు పోయారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో కలిపి 40 మందికి పైగా పోయారు. ఆ రాత్రి మా ఇళ్లలో పోయినవాళ్ల కోసం చేతులెత్తకముందే ఇంకో దువా చేశాం. 'యా అల్లా, చేసినవాడు మనవాడు కాకూడదు.' ఏడవడానికి కూడా ముందు నిర్దోషులమని తేలాలి. మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న కోర్టు విడిచిపెట్టింది. ఎవరు చంపారో తెలియకుండానే ఆ ఇళ్లవాళ్లు ఏటా బర్సీ చేసుకుంటున్నారు. వాళ్లకి 'సబ్ర్ కరో' అని చెప్పే నోరు నాకు లేదు. 1992 డిసెంబర్ 6 తర్వాత మేం తెలుగులో రాసింది ఎక్కువగా ఆగ్రహమే. కావలసిందే. కానీ ఆ ఆగ్రహం కింద ఎంత ఏడుపు అట్టడుగున పడి ఉందో మేమే ఎత్తి చూడలేదనిపిస్తుంది.

ఈ ఊరికి రాయడం తెలియక కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగితే వేలమంది పోయారు. కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆ వరదలోనే కొట్టుకుపోయారు. ఆయనొక్కడే మిగిలాడు. ఆ వరద మీద నజ్మ్ రాశాడు, రుబాయీలు రాశాడు, 1961 దాకా బతికాడు. ఆయన ఈమాన్‌ని అనుమానించినవాళ్లెవరూ నాకు తారసపడలేదు.

అందరికీ కవిత్వం రాదు. నెలలు గడిచినా నిద్రపట్టనివాళ్లుంటారు. ముద్ద దిగనివాళ్లు, తామూ పోతే బాగుండుననుకునేవాళ్లు ఉంటారు. మా ఇళ్లలో వాళ్లని ముందు దర్గాకి తీసుకెళతారు, డాక్టరు దగ్గరికి ఆఖర్న. దర్గాకి వెళ్లడం తప్పని నేననను, అక్కడైనా మనసారా ఏడవనిస్తారు. కానీ టెలీమానస్ అని ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు 14416 కూడా 2022 అక్టోబర్ నుంచి ఉంది. మసీదు బోర్డు మీద జనాజా నమాజు వేళ సుద్దముక్కతో రాస్తారు కదా, దాని కింద ఇంకో వరసకి చోటుంటుంది.